సంతకం తెలుగులో, ఫలితం ఇంగ్లీషులో

పరిశోధన కోసం ఎప్పుడైనా రక్తం ఇచ్చినవాళ్లకు ఒక కాగితం గుర్తుండే ఉంటుంది. దాని పేరు సమ్మతి పత్రం. రెండు మూడు పేజీలు, అంతా తెలుగులోనే. ఈ అధ్యయనం ఎందుకు చేస్తున్నాం, ఎంత రక్తం తీసుకుంటాం, మీ వివరాలు బయటికి చెప్పం, ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చు, మానుకున్నా మీ వైద్యానికి ఏ ఇబ్బందీ రాదు అని వరసగా రాసుంటుంది. చివర సంతకం. చదువు రానివాళ్లయితే చదివి వినిపించి, సాక్షి ఎదురుగా వేలిముద్ర వేయించుకోవాలి. మా పెద్దమ్మ తిరుపతిలో ఒక ఆస్పత్రిలో అలాగే వేసింది. ఊదారంగు సిరా దిండు మీద బొటనవేలు ఆనించి, కాగితం మీద అదిమి, వేలికంటిన మరక కొంగుకు తుడుచుకుంటూ "ఇది ఎందుకు నాయనా?" అని ఆ కుర్రాణ్ణి అడిగింది. "షుగరు మీద పరిశోధనమ్మా, మీలాంటివాళ్లకే పనికొస్తుంది" అన్నాడు. మంచి పిల్లాడు, ఓపిగ్గా చెప్పాడు. ఆ పరిశోధనలో ఏం తేలిందో మాత్రం ఆమెకు ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు. అసలు ఏమైనా తేలిందో లేదో కూడా తెలియదు.

ఇందులో ఆ ఒక్క ఆస్పత్రిని తప్పుపట్టేది ఏమీ లేదు. దాదాపు అన్ని చోట్లా ఇదే పద్ధతి. మనిషి దగ్గర తీసుకునేటప్పుడు తెలుగు, తేలింది చెప్పేటప్పుడు ఇంగ్లీషు. సంతకం కావాలి కాబట్టి తెలుగులో రాశారు, సంతకం అయ్యాక ఆ అవసరం తీరిపోయింది. నాకు ఇది అన్యాయం అనిపిస్తుంది. తెలుగువాళ్ల రక్తంతో, తెలుగు పిల్లల పరీక్షలతో, మన చెరువుల్లో, మన చేలల్లో చేసిన ప్రతి పరిశోధనకూ ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వాలి. ఆ పేజీ రాయనిదే పని పూర్తయినట్టు లెక్క కట్టకూడదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

తిరుపతిలో ఉండి ఈ మాట అనడానికి కారణం ఉంది. బయటివాళ్లకు ఇది దేవుడి ఊరు. ఇక్కడ ఉండేవాళ్లకు ఇది పరిశోధనల ఊరు కూడా. 1954లో పెట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ఉంది. స్విమ్స్ ఆస్పత్రి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, వేరుశనగ వంగడాలు తయారుచేసే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి. 2015లో ఐఐటీ, విజ్ఞాన శాస్త్రాల జాతీయ సంస్థ ఐసర్ రెండూ వచ్చాయి, ఏర్పేడు వైపు వాటి క్యాంపస్‌లు. చిత్తూరు వైపు పోతే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల. అక్కడి రాడార్‌లో 1,024 యాంటెనాలు 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న మైదానంలో బారులు తీరి ఉంటాయి, మన తలల మీది గాలి ఎంత ఎత్తులో ఎటు కదులుతోందో కొలుస్తుంటాయి. ఆ దారిలో బస్సులో పోయే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఈ సంస్థల్లో పనిచేసేవాళ్లు మన వీధిలోనే ఉంటారు, పొద్దున పాల ప్యాకెట్ కోసం వచ్చే అంగట్లోనే కలుస్తారు. వాళ్ల దగ్గర ఏం తేలుతోందో మనకు తెలిసే దారి మాత్రం లేదు.

దారి లేదంటే ఏ వార్తా రాదని కాదు. వాట్సాప్‌లో వస్తుంది, యూట్యూబ్‌లో వస్తుంది, పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తాయి. కానీ వచ్చేది సగమే. ఫలితం వస్తుంది, షరతు రాదు. ఫలానాది తింటే మంచిదని వస్తుంది. ఎంత తింటే, దేనికి బదులు తింటే, ఎవరి మీద చూసి చెప్పారు అన్నది దారిలోనే రాలిపోతుంది. ఏ పరిశోధనలోనైనా మనకు నిజంగా పనికొచ్చే ముక్క ఆ షరతులోనే ఉంటుంది.

మా పెద్దమ్మ సంగతే చూడండి. షుగరుకు రాగులు మంచివని ఎవరో ఫోన్లో పంపించారు. చిత్తూరు జిల్లా మనిషి, సంగటి పుట్టినప్పటి నుంచీ తిన్నదే, కాబట్టి సంతోషంగా అన్నం మానేసింది. రెండు పూటలా సంగటే. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, తెడ్డుతో గట్టిగా గెలికి, చేతులు తడి చేసుకుని ముద్ద కడుతుంది. పళ్లెంలో సగం ఆ ముద్దే. మధ్యలో గుంట చేసి ఒక గరిటె పప్పు, లేదంటే కొంచెం ఊరుబిండి. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే షుగరు తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. "అన్నం ముట్టడమే లేదు కదా అబ్బోడా, ఇంకా ఎందుకు పెరుగుతా ఉంది?" అని నన్ను అడిగింది. ఆ గొంతులో ఉన్న నిస్సహాయత నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. చెప్పిన మాట విని, ఇష్టమైనది వదులుకుని, అయినా ఓడిపోయిన మనిషి అడిగే ప్రశ్న అది.

దానికి జవాబు 2025 సెప్టెంబరు చివర్లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. భారత వైద్య పరిశోధనా మండలి తరఫున చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు దేశమంతటా లక్షా ఇరవై వేలకు పైగా మందితో సర్వే చేసి మన తిండిని లెక్కగట్టారు. మన ఒంటికి అందే శక్తిలో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే వస్తోంది, ప్రొటీన్ వాటా 12 శాతమే. ఇక అసలు విషయం. తెల్లబియ్యం లాంటి వాటి బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టుకున్నంత మాత్రాన, మొత్తం పిండిపదార్థం అంతే ఉంటే, షుగరు ముప్పు తగ్గినట్టు కనబడలేదు. రోజు మొత్తం శక్తిలో 5 శాతాన్ని పిండిపదార్థం నుంచి తప్పించి పప్పులు, పాలు, పెరుగు లాంటివాటి ప్రొటీన్‌కు మారిస్తే మాత్రం ముప్పు తక్కువని తేలింది. ఇది జనాన్ని ఒక్కసారి చూసి కట్టిన లెక్క, ఏళ్ల తరబడి వెంట ఉండి చూసింది కాదు. అందుకని ఇదే కారణం అని బల్లగుద్ది చెప్పలేం. ఆ జాగ్రత్త కూడా జనానికి చెప్పాల్సిందే.

దీన్ని మా పెద్దమ్మ వంటింట్లోకి తెస్తే ఏమవుతుంది? ముద్ద సగం కావాలి, పప్పు రెండు గరిటెలు కావాలి. అంతే. రాగులు చెడ్డవి కావు, సంగటి మానక్కర్లేదు, ఎంత తింటున్నామన్నదే చూసుకోవాలి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్ని అడగాలి. ఇంతటి మాట నాలుగు తెలుగు వాక్యాల్లో పడుతుంది. ఆ నాలుగు వాక్యాలు అందక ఎన్ని ఇళ్లలో ఎన్ని నెలలు వృథా అయ్యాయో తలుచుకుంటే కడుపు మండుతుంది. దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని ఇదే సర్వే 2023లో చెప్పింది. 2017లో 15 రాష్ట్రాల ఫలితాలు వచ్చినప్పుడు అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అంటే రక్తం ఇచ్చినవాళ్లలో మనవాళ్లు ఉన్నారు.

మనవాళ్లు ఇలా ఇవ్వడం నిన్న మొన్న మొదలైంది కూడా కాదు. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ (టీబీ) ఆస్పత్రి 1915 నుంచి ఉంది. ఆ జబ్బు రాకుండా వేసే బీసీజీ టీకా నిజంగా పనిచేస్తుందా అని 1950ల్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లోనే చూశారు. ఫ్రిమోట్ మోలర్ అనే వైద్యుడి బృందం ఆ ఫలితాలను 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చు వేసింది. బీసీజీ గురించి ప్రపంచంలో ఎవరు రాసినా మదనపల్లె పేరు వస్తుంది. చర్మ పరీక్షలకు చేతులు చాపిన ఆ పల్లెల జనం మనవలకు ఈ సంగతి తెలుసా? మన బడి పుస్తకాల్లో ఇది ఉండాల్సిన మాట.

అదే జబ్బు మీద ఇటీవల వచ్చిన అధ్యయనం ఒకటి ప్రతి పంచాయతీలో చదివి వినిపించదగ్గది. జార్ఖండ్‌లో 4 జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగుల్ని, వాళ్ల ఇళ్లలోని పది వేల మందికి పైగా కుటుంబ సభ్యుల్ని తీసుకున్నారు. రోగులందరికీ మందులతో పాటు తిండి సరుకులు ఇచ్చారు. ఇళ్లలో సగం చోట్ల మిగతా కుటుంబానికి కూడా ప్రతినెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికల్లో ఫలితం వచ్చింది. సరుకులు అందిన కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే రకం 48 శాతం తగ్గింది. బియ్యం, పప్పు చేసిన పని ఇది.

ఇందులోనూ షరతు ఉంది. తిండి మందుకు బదులు కాదు, రోగికి మందులు నడుస్తూనే ఉన్నాయి. బాగా తింటే టీబీ పోతుందని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే అది ప్రాణాల మీదికి తెస్తుంది. సరిగ్గా తెలిస్తే ఇదే మాట హక్కుగా మారుతుంది. రోగికి నెలకు వచ్చే నిక్షయ్ పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి 500 బదులు 1,000 రూపాయలైంది. ఇంట్లోవాళ్లకు కూడా దాతలు సరుకులు ఇచ్చేలా నిక్షయ్ మిత్ర ఏర్పాటును విస్తరించారు. అధ్యయనం సంగతి తెలిసిన మనిషి ఆరోగ్య కేంద్రానికి పోయి "మా ఇంట్లో మిగతావాళ్లకు సరుకులు ఎట్లా వస్తాయి?" అని అడగగలడు. తెలియని మనిషి మందులు తీసుకుని ఇంటికొస్తాడు.

టెక్నాలజీ సంగతి ఇంకా దగ్గరిది. షుగరు వల్ల కంటి లోపలి పొర (రెటీనా) దెబ్బతినడాన్ని ఫొటో చూసి కనిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి గూగుల్ పరిశోధకులు 2016లో ప్రకటించారు. దానికి నేర్పించడానికి వాడిన ఫొటోల్లో మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ, బెంగళూరు నారాయణ నేత్రాలయ రోగులవి ఉన్నాయి. మన దక్షిణాది కళ్లు అవి. డాక్టర్లతో సమానంగా పట్టేస్తోందని పేపర్లన్నీ రాశాయి. తర్వాత దాన్ని థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో పెట్టి చూశారు. 2020లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం, మొదటి ఆరు నెలల్లో తీసిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని ఆ ప్రోగ్రాం తీసుకోలేదు, బాగా రాలేదని తిరగ్గొట్టింది. గదిలో చీకటి సరిగ్గా లేక, రద్దీలో నర్సులకు మళ్లీ మళ్లీ తీసే తీరిక లేక. అంటే అది పనిచేయడం, చేయకపోవడం ఆ గది వెలుతురు మీద ఆధారపడింది. రేపు మన పీహెచ్‌సీకి ఇలాంటి యంత్రం వస్తే మొదట అడగాల్సింది కిటికీకి కర్టెన్ ఉందా అని. ఈ ముక్క మన ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు తెలుగులో ఎవరు చెప్పాలి?

చదువు విషయానికి వస్తాను. నాకు అన్నిటికంటే మనసుకు పట్టింది ఇదే. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లల లెక్కల తెలివిని పరీక్షించింది. 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో అచ్చయింది. కొనేవాళ్లలా పోయి, కిలో 20 రూపాయలున్న బంగాళాదుంపలు 800 గ్రాములు, కిలో 15 రూపాయలున్న ఉల్లిపాయలు ఒక కిలో 400 గ్రాములు అడిగి, 200 నోటు ఇస్తారు. మొత్తం 37 రూపాయలు, తిరిగి 163 ఇవ్వాలి. పిల్లలు కాగితం ముట్టకుండా చెప్పేశారు. రెండో ప్రయత్నానికల్లా దాదాపు అందరూ సరిగ్గా చెప్పారు. అదే పిల్లలకు బడిలో ఇచ్చినట్టు మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమని కాగితం మీద ఇస్తే, చేయగలిగింది 32 శాతం మందే.

మన తెలుగు ఫీడ్‌లలో ఇది "బడి కంటే బజారే నయం" అన్న ధోరణిలో తిరిగింది. అది సగం మాట, ప్రమాదకరమైన సగం. పిల్లల్ని బడి మాన్పించి అంగట్లో కూర్చోబెట్టడానికి సాకు దొరికినట్టయింది. రెండో సగం ఏమిటంటే, బజారులో పనిచేయని బడి పిల్లల్ని కూడా పరీక్షించారు. వాళ్లు కాగితం మీద లెక్కలు చేశారు, బజారు లెక్కలు ఇస్తే తడబడ్డారు. ఇటుది అటు పోవడం లేదు, అటుది ఇటు రావడం లేదు. లోపం ఈ రెండు రకాల పిల్లల తెలివిలోనూ లేదు, మనం నేర్పే తీరులో ఉంది.

గోవిందరాజస్వామి గుడి దగ్గర సాయంత్రం పూట బడి బట్టలతోనే వాళ్లమ్మ పూల బుట్ట దగ్గర కూర్చునే అమ్మాయిని నేను చూస్తుంటాను. మల్లెలు మూర 30. ఒకామె మూడున్నర మూరలు అడిగి 500 నోటు ఇచ్చింది. ఆ పిల్ల మోచేతి నుంచి వేలి కొస దాకా దండ కొలుస్తూనే, తల ఎత్తకుండా, "నూటైదు అక్కా, మూడొందల తొంభై ఐదు ఇస్తా" అంది. అది దశాంశ గుణకారం. బడిలో ఆ పాఠం పేరు వింటే ఆమెకు భయమో ఏమో నాకు తెలియదు. ఆమె టీచరుకు ఈ అధ్యయనం సంగతి తెలిస్తే బోర్డు మీద మూరలు, మూరన్నరలు రాసి మొదలుపెట్టగలదు.

చంద్రగిరి వైపు ఒక ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పే స్నేహితురాలికి ఇదంతా వివరించాను. "తెలుగులో ఎక్కడుందో చెప్పు, స్టాఫ్ మీటింగ్‌లో చదివి వినిపిస్తా" అంది. అసలు ఫలితాలు పూర్తిగా చెప్పే తెలుగు పేజీ ఒకటి వెతికి ఇవ్వలేకపోయాను. ఆమె ఇంగ్లీషు చదవలేక కాదు. ఇరవై మంది టీచర్ల ముందు పెట్టి మాట్లాడుకోవాలంటే అది వాళ్లు మాట్లాడే భాషలో ఉండాలి.

చాట్ జీపీటీ గురించి ఇప్పుడు ప్రతి తల్లిదండ్రికీ టెన్షనే. అది వాడితే మెదడు మొద్దుబారుతుందని 2025 జూన్ నుంచి తిరుగుతున్న వార్తకు మూలం అమెరికాలోని ఎంఐటీలో 54 మంది మీద చేసిన అధ్యయనం. ఇతర నిపుణులు తనిఖీ చేయకముందే బయటికి వచ్చింది. అలాంటి మాటలు తమ పరిశోధనకు తగిలించొద్దని ఆ రచయితలే కోరారు. అంతకంటే గట్టిది టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లల మీద చేసింది. మామూలు చాట్ జీపీటీ లాంటిది వాడిన పిల్లలు లెక్కల అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడని పిల్లల కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా, టీచర్లు తయారుచేసిన సూచనలు మాత్రమే ఇచ్చే రకం వాడిన పిల్లలకు ఆ నష్టం చాలావరకు కనబడలేదు. కాబట్టి ఇంట్లో అడగాల్సింది ఫోన్ చూస్తున్నావా అని కాదు. జవాబు అడుగుతున్నావా, దారి అడుగుతున్నావా అని. తిరుపతి హాస్టళ్లలో పరీక్షలకు చదివే వేలమంది పిల్లలకు ఇది ఇవాళే కావాల్సిన మాట.

ఇలా అంటుంటే ఒక ప్రశ్న వస్తుంది. శాస్త్రాన్ని తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా, తప్పు పోకుండా చెప్పడం అయ్యే పనేనా? నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. తెలుగులో మాటలు లేవంటారు. సులువు చేస్తే తప్పు అర్థం వస్తుందంటారు. రేపు ఫలితం మారితే జనం నమ్మకం పోతుందంటారు.

జవాబు మన తిరుపతిలోనే ఉంది. వేరుశనగ రైతును అడగండి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వ్యవసాయ పంచాంగం అని ఒక పుస్తకం తెలుగులో వేస్తుంది. ఏ నేలకు ఏ రకం, ఎప్పుడు విత్తాలి, ఎకరాకు ఎంత విత్తనం, ఏ తెగులుకు లీటరు నీటికి ఎంత మందు, అన్నీ అందులో ఉంటాయి. అది నిండా షరతులే. ఈ నేలలో అయితే ఇది, నీటి వసతి ఉంటే అది, వాన ఆలస్యమైతే మరొకటి. తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి లాంటి వేరుశనగ రకాలు చేలల్లోకి ఊరికే రాలేదు. శాస్త్రవేత్తలు పొలం గట్ల మీద నిలబడి, కిసాన్ మేళాల్లో గింజలు చేతిలో పెట్టి, తెలుగులో చెప్పారు. రైతు వాళ్లను నిలదీశాడు కూడా. "మీ చేలో ఇంత దిగుబడి వచ్చిందంటారు, మా చేలో రాలేదేం?" అని. ఆ నిలదీతకు జవాబు వెతకడం కూడా పరిశోధనే. తర్వాతి సంచికలో సిఫార్సులు మారితే విశ్వవిద్యాలయం మీద నమ్మకం పోయిందని ఏ రైతూ అనలేదు. మారతాయని అతనికి తెలుసు, వాన మారినప్పుడు తన పనీ మారుతుంది కదా.

వాతావరణ శాఖ కూడా మంగళ, శుక్రవారాల్లో రైతులకు ప్రాంతీయ భాషల్లో సలహాలు ఇస్తుంది, మేఘదూత్ యాప్‌లో తెలుగు ఉంది. రైతుకు చెప్పగలిగినప్పుడు రోగికి ఎందుకు చెప్పలేం? తల్లికి, టీచరుకు, నర్సుకు ఎందుకు చెప్పలేం? మాటలు లేకపోవడం వల్ల ఆగిన పని కాదిది. రైతు వినకపోతే వంగడం గోదాంలో ఉండిపోతుంది, అందుకని వ్యవసాయ శాస్త్రానికి రైతు చెవి కావాలి. మిగతా పరిశోధనకు పత్రిక అచ్చు వేస్తే చాలు, ప్రమోషన్‌కు ఆ అచ్చే లెక్క. తెలుగులో రాసిన పేజీకి ఎవరూ మార్కు వేయరు. యువ పరిశోధకుల్ని నేను తప్పుపట్టను. వాళ్లను కొలిచే కొలతే అలా ఉంది, ఆ కొలత మార్చాలి.

పర్యావరణం దగ్గర ఈ లోటు మరీ ఎక్కువ. 2021 నవంబరు 18, 19 తేదీల వాన తిరుపతివాళ్లు మరిచిపోలేదు. వీధులు ఏరులయ్యాయి, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. భారీ వాన అని జిల్లా మొత్తానికి హెచ్చరిక వస్తుంది. మా వీధిలో నీళ్లు ఎందుకు నిలుస్తాయి, ఒకప్పుడు వాగు ఎటు పోయేది, ఏ చెరువు పూడింది అన్న దానికి మాత్రం జిల్లా హెచ్చరికలో జవాబు ఉండదు. అది స్వర్ణముఖి నది మీద, ఇక్కడి చెరువుల మీద, భూగర్భ జలాల మీద మన విశ్వవిద్యాలయాల్లో చేసిన పనుల్లో ఉంటుంది. దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా తెరిచి చూడొచ్చు. ఎస్వీయూవి కూడా ఉన్నాయి. కానీ విజ్ఞాన శాస్త్రాల్లోవి ఇంగ్లీషులోనే, వందల పేజీల్లో. స్థలం కొనే ముందు, బోరు వేసే ముందు మామూలు మనిషి అది తెరుస్తాడా? ఒక్కో గ్రంథానికి ముందు ఒక తెలుగు పేజీ ఉంటే తెరుస్తాడు. కౌన్సిలర్ దగ్గరికి ఆ పేజీ పట్టుకుని పోతాడు.

నేను అడుగుతున్నది కొత్త హక్కేమీ కాదు. వైద్య పరిశోధన నైతికతకు ప్రపంచం ఒప్పుకున్న పత్రం హెల్సింకి ప్రకటన. 1964లో పుట్టింది. పరిశోధనలో పాల్గొన్నవాళ్లకు దాని సారాంశ ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని అది చెబుతుంది. మన వైద్య పరిశోధనా మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పారదర్శకత, జవాబుదారీతనం ఒక సూత్రం. ఫలితాలను ప్రజల ముందుకు తేవాలని అందులో ఉంది. యూరప్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. 2022 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మందుల ప్రయోగం ముగిసిన ఏడాదిలోగా మామూలు మనిషికి అర్థమయ్యే సారాంశం ఇవ్వాలి. అక్కడ చట్టం చేశారు కాబట్టి జరుగుతోంది. ఇక్కడ సూత్రం ఉంది, అడిగేవాళ్లు లేరు.

ఆ పేజీలో ఏముండాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది గాలిలో మాటగా మిగిలిపోకూడదు. ఎవరి మీద చూశారు, ఎంతమంది, ఏ ఊళ్లలో. దేనితో పోల్చారు. ఏం తేలింది, అది వందలో ఎంతమందికి. ఏ షరతు మీద. ఏం తేలలేదు. దీని వల్ల ఇవాళ మీరు చేయాల్సింది ఏమైనా ఉందా, లేకపోతే లేదని రాయాలి. డబ్బు ఎవరిచ్చారు. రాసినవాళ్లను అడగడానికి ఒక ఫోన్ నంబరు. అచ్చు వేయడానికి ముందు ఆ పేజీని పరిశోధనలో పాల్గొన్న ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించి, వాళ్లకు ఏం అర్థమైందో తిరిగి చెప్పించుకోవాలి. సమ్మతి పత్రం దగ్గర చేసే పనే ఇది, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. జర్నలిజం చదివే పిల్లలు ఎస్వీయూలో ఉన్నారు, మహిళా విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఐసర్‌లో ఒక పరిశోధకురాలి పక్కన జర్నలిజం విద్యార్థిని ఒక వారం కూర్చోబెడితే ఇద్దరికీ చదువే. డబ్బు సంగతి అంటారా, ఒక అధ్యయనానికి అయ్యే ఖర్చులో ఇది కనబడనంత చిన్నది.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా నాకు స్పష్టంగానే ఉంది. మనుషుల మీద పరిశోధన చేసే ప్రతి పెద్ద ఆస్పత్రిలో ఎథిక్స్ కమిటీ ఉంటుంది. ఆ కమిటీ ఒప్పుకోనిదే రక్తపు చుక్క తీయడానికి వీల్లేదు. కొత్త మందుల ప్రయోగాలకు 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం అందులో కనీసం ఏడుగురు ఉండాలి. ఆ ఏడుగురిలో ఒకరు వైద్యుడో శాస్త్రవేత్తో కాని మామూలు మనిషి అయి ఉండాలి. అంటే తిరుపతిలో ఇప్పటికే కొన్ని కమిటీ గదుల్లో మనలాంటి ఒకరికి కుర్చీ ఉంది. సమ్మతి పత్రం తెలుగు సరిగ్గా ఉందో లేదో చూడడం వాళ్ల పనుల్లో ఒకటి. ఆ కుర్చీలో ఇవాళ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే నా విన్నపం వాళ్లకే. ఇకమీద ప్రతి ప్రతిపాదన మీదా సంతకం పెట్టే ముందు పరిశోధకుల్ని ఇంకొక ప్రశ్న అడగండి: ఫలితం ఎవరికి, ఏ నెలలోపు, తెలుగులో ఎవరు రాసి ఇస్తారు? జవాబును మినిట్స్‌లో రాయించండి, గడువు దాటితే ఆ పరిశోధకుల తర్వాతి ప్రతిపాదన ముందుకు పోకుండా ఆపండి.